రెండు కెమెరాలు ఒకే వీడియోలో: చేతుల దృశ్యం వెనకబడుతోంది, ఏం చేయాలి?

కీబోర్డ్ పాఠాలు రికార్డ్ చేస్తున్నాను. ఎడమ సగంలో నా ముఖం, కుడి సగంలో పైనుంచి చేతులు కనిపించాలి. రికార్డ్ అవుతున్నప్పుడే రెండూ కలిసి ఒకే ఫైల్‌గా రావాలి. తర్వాత ఎడిటింగ్‌కి కూర్చునే ఓపిక నాకు లేదు, నిజం చెప్పాలంటే.

ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 1920×1080 కాన్వాస్ పెట్టి, రెండు వెబ్‌క్యామ్‌లనూ 960 వెడల్పుకి క్రాప్ చేశాను. ఒకే యూఎస్‌బీ హబ్‌కి పెడితే రెండోది నల్లగా ఉండిపోయింది. వీడియో ఫార్మాట్‌ని కంప్రెస్ చేయని వైయూవై2 నుంచి కంప్రెస్ చేసే ఎంజేపెగ్‌కి మార్చాక వచ్చింది. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకి 480 మెగాబిట్లే కదా, కంప్రెస్ చేయని 1080 వీడియో సెకనుకి 30 ఫ్రేములతో ఒక్కటి కూడా అందులో పట్టదట!

అసలు తలనొప్పి ఇప్పుడు మొదలైంది. రెండు కెమెరాలకీ కనిపించేలా చప్పట్లు కొట్టి చూస్తే చేతుల దృశ్యం 5 ఫ్రేములు వెనక ఉంది, అంటే దాదాపు 167 మిల్లీసెకన్లు. ముఖం కెమెరాకి, దృశ్యాన్ని కాస్త ఆలస్యంగా చూపించే రెండర్ డిలే ఫిల్టర్ పెట్టి సరిచేశాను. పది నిమిషాలయ్యేసరికి మళ్లీ తేడా. అరచేతులు తగలకముందే చప్పుడు వినిపిస్తోంది!

హబ్ తీసేసి వేర్వేరు పోర్టులకి పెడితే ఇది ఆగుతుందా? మైక్‌కి సింక్ ఆఫ్‌సెట్ (దృశ్యంతో కలిసేలా ధ్వనిని జరిపే సెట్టింగ్) ఎంత ఇవ్వాలి? లేక క్యాప్చర్ కార్డ్ (కెమెరా వీడియోని కంప్యూటర్‌లోకి పంపే పరికరం) కొనక తప్పదా? ఇలా రికార్డ్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.