పై వాటా ఆంటీకి "ధన్యవాదాలు" అని రాయనా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు మేం కింద వాటాలో ఉన్నాం. పై వాటా ఆంటీ మమ్మల్ని నలుగుర్నీ పైకి లాక్కెళ్ళి, నీళ్ళు తీసేదాకా తన ఇంట్లోనే ఉంచుకుంది. కరెంటు లేదు. పడవలో వచ్చిన పాల ప్యాకెట్టుని కూడా రెండు ఇళ్ళకీ సరిపెట్టింది.

ఇప్పుడు ఆవిడకి చీర పెడుతూ ఒక చీటీ రాద్దామని కూర్చుంటే చెయ్యి కదలడం లేదు. "ధన్యవాదాలు" అంటే సభ చివర వందన సమర్పణలా ఉంది. "ఋణపడి ఉంటాం" అంటే ప్రోనోటు రాసినట్టుంది. "చల్లగా ఉండండి" అందామంటే ఆవిడ నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద, దీవించే వయసు నాది కాదు. నోటితో "థాంక్స్ ఆంటీ" అంటే, "మనలో మనకి థాంక్సులేంటమ్మా, ఊరుకో" అంది. ఇరుగుపొరుగుకి చెప్పే మాట మన దగ్గర లేదా?

— గుంటూరు బ్రాడీపేట నుంచి: మాట ఎందుకండీ, గిన్నె ఉందిగా! పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నె మా అమ్మమ్మ ఎప్పుడూ ఖాళీగా పంపలేదు. ఇంట్లో ఏమీ లేకపోతే బెల్లం ముక్క వేసేది. గిన్నె మాత్రం రెండు రోజులు దాటనిచ్చేది కాదు.

— మీ మాటల్లో "కృతజ్ఞత"ని మరిచిపోయారు. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. చేసిన మేలు ఎరిగి ఉండటమే కృతజ్ఞత. అందుకే "కృతజ్ఞతలు చెప్పాను" అన్నదానికంటే "కృతజ్ఞత ఉంది" అన్నదే నాకు నిండుగా వినిపిస్తుంది.

— ఆ బెల్లం ముక్కని మా ఇంట్లో "బదులు" అనేవాళ్ళు. అడిగినదానికి ఇచ్చే జవాబూ బదులే, కాగితం, వడ్డీ లేకుండా తెచ్చుకునేది చేబదులు. ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర అప్పు దొరుకుతుందేమో కానీ చేబదులు దొరకదు.

— బదులు ఉర్దూ నుంచి వచ్చిన మాట కదా?

— అవును, బదల్. వచ్చి ఎన్ని తరాలైందో, ఇక మనదే. అచ్చ తెలుగే కావాలంటే "మారు" ఉంది. మారు మాట్లాడలేదు అంటే బదులు పలకలేదనే. తమాషా ఏంటంటే, విస్తట్లో రెండోసారి వడ్డించేదీ మారే. "మారు వడ్డించుకోండి" అంటాం చూశారా?

— విషయం కాదు కానీ, పొరుగూరు వెళ్తాం, ఇరుగూరు వెళ్ళం. పొరుగు ఒంటరిగా బతుకుతుంది, వాడుకలో ఇరుగుకి మాత్రం పక్కన పొరుగు ఉండాల్సిందే.

— (అడిగిన నేనే) చీటీ మానేశాను. చీరతో పాటు కారియర్‌లో పులిహోర పట్టుకెళ్ళాను. చీర తీసుకోవడానికి గంట సేపు బతిమాలించుకుంది. పులిహోరకి మారు మాట్లాడలేదు. ఇందాకే కారియర్ కిందికి వచ్చింది, కింది గిన్నెలో జంతికలు, పై గిన్నెలో గోంగూర పచ్చడి. బ్రాడీపేటవారూ, రెండు రోజుల గడువు ఇప్పుడు నాకేనా?