చైనీస్‌లో ‘ఇల్లు’ అక్షరంలో పంది ఎందుకుంది?

కొత్తచైనీస్:
ఇల్లు, కుటుంబం అని అర్థమొచ్చే ‘జియా’ అక్షరం దగ్గర ఆగిపోయానండి. పైన మూడు గీతలు ఇంటి కప్పు, సరే. కింద ఏడు గీతలు పందట! ఇంట్లో మనిషి ఉండాలి గానీ పందేంటి? పంది సంపదకు గుర్తు, అందుకే పెట్టారని ఒక వీడియోలో చెప్పారు, ఇంకొకరేమో అదంతా కట్టుకథ అంటున్నారు. ఏది నమ్మాలి?

గీతలరాయుడు:
పంది మాత్రం నిజమే. ఆ భాగం విడిగా రాస్తే ‘షి’, పందికి పాత మాట, ఇప్పుడు అందరూ అనేది ‘జూ’. సంపద కథ గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, అంతే. క్రీ.శ. 100లో షు షెన్ పూర్తిచేసిన ‘షువోవెన్ జియెజి’ నిఘంటువు చూస్తే, కింద ఉన్నది మగపంది అనే అక్షరాన్ని కుదించిన రూపమని ఉంటుంది. ఆ మగపందినీ ‘జియా’ అనే పలుకుతారు. అంటే పంది అక్కడ కూర్చుంది అర్థం కోసం కాదు, శబ్దం కోసం.

పాతలిపి:
అంత తేలిగ్గా తేల్చేయకండి. ‘కుదించిన రూపం’ అంటే ఏ అక్షరాన్నైనా ఎలాగైనా వివరించొచ్చు. చింగ్ రాజవంశ కాలంలో (1644–1912) అదే నిఘంటువుకు వ్యాఖ్యానం రాసిన దువాన్ యూత్సాయ్ కూడా ఇక్కడే అడ్డం తిరిగాడు, పంది భాగమున్న అక్షరాలు అన్ని ఉండగా మగపందే ఎందుకని. ఆయన లెక్కలో ఇది మొదట పందులుండే చోటు, తర్వాత మనుషుల ఇల్లయింది. కప్పు కింద ఎద్దు ఉండే ‘లావ్’ని సాక్ష్యం తెచ్చాడు, ఒకప్పుడు పశువుల దొడ్డి, ఇప్పుడు జైలు!

గీతలరాయుడు:
దువాన్ చూడనిది ఒకటుంది కదండీ. షాంగ్ కాలంలో, అంటే 3,000 ఏళ్ల కిందట, జోస్యం కోసం ఎముకల మీద, తాబేటి చిప్పల మీద చెక్కిన రాతలు, 1899 నుంచే పండితుల కంటపడ్డాయి. వాటిలో కొన్నిచోట్ల ఈ అక్షరంలోని పందికి పొట్ట కింద చిన్న గీత అదనంగా ఉంటుంది, మగదని చెప్పడానికి. షు షెన్ ఊరికే అనలేదనిపిస్తుంది నాకు.

పాతలిపి:
ఆ గీత సంగతి ఒప్పుకుంటాను. కానీ అన్నిచోట్లా లేదుగా, మామూలు పంది ఉన్నవీ దొరికాయి.

కొత్తచైనీస్:
అయితే ఆడపిల్ల పెళ్లి చేసుకుని వెళ్లడాన్ని చెప్పే ‘జియా’లో, స్త్రీ పక్కన ఇదే ఇల్లు ఉంది కదా, అదీ శబ్దం కోసమేనా?

గీతలరాయుడు:
అక్కడ రెండూ. శబ్దమూ ఇస్తుంది, అత్తారిల్లనే అర్థమూ కుదురుతుంది. స్వరం, అంటే పలికేటప్పుడు గొంతు ఎత్తే దించే తీరు, మాత్రం వేరు, ఇల్లు ఒకటో స్వరం, పెళ్లి నాలుగోది. కలిపేయకండి.

కొత్తచైనీస్:
ఇన్నాళ్లూ రెండూ ఒకేలా పలుకుతున్నాను 😅