ఒకే గదిలో ఐదేళ్లవాళ్లూ తొమ్మిదేళ్లవాళ్లూ: కొలతల యాక్టివిటీ ఎలా?

ప్రశ్న:
నమస్కారం అండీ. ఒకటి నుంచి మూడో తరగతి వరకు పిల్లలందరూ నా దగ్గర ఒకే గదిలో కూర్చుంటారు. వచ్చే వారం కొలతలు మొదలుపెట్టాలి. అందరికీ ఒకే యాక్టివిటీ ఇస్తే పెద్దవాళ్లు చిటికెలో ముగించి కబుర్లలో పడతారు, చిన్నవాళ్లు దిక్కులు చూస్తారు. మూడు వేరువేరుగా పెడితే నేనొక్కదాన్నీ చూసుకోలేను. ఇలాంటి క్లాసు నడిపినవాళ్లు ఎవరైనా చెప్పండి.

జవాబు 1:
మేడమ్, సామాను ఒకటే ఉంచి పని మార్చండి. నేను నీళ్లతో చేయిస్తాను. ఒక టబ్బు, ఒకేలాంటి గ్లాసులు రెండు, సన్నగా పొడుగ్గా ఉండే గ్లాసు ఒకటి, రకరకాల కప్పులు, గిన్నెలు చాలు.

ముందు ఎవరు ఏ దశలో ఉన్నారో చూసుకోండి. రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, సమానమేనని వాళ్లచేతే అనిపించి, ఒకదాన్ని పొడుగు గ్లాసులోకి వంపండి. ఎందులో ఎక్కువ ఉన్నాయి? ఐదారేళ్లవాళ్లు చాలామంది పొడుగుదే చూపిస్తారు. "మళ్లీ పాత గ్లాసులో పోస్తే అన్నే వస్తాయి కదా టీచర్" అన్న పిల్ల తర్వాతి మెట్టు ఎక్కినట్టే. మనం బీఎడ్‌లో చదివిన మనస్తత్వవేత్త పియాజే చెప్పిన మూర్త ప్రచాలక దశ, అంటే కళ్లముందున్న వస్తువుల గురించి తర్కంతో ఆలోచించగలిగే దశ, సుమారు 7 నుంచి 11 ఏళ్లు, ఇదే. పొడుగు గ్లాసు చూపించినవాళ్లకు తప్పని చెప్పకండి, దయచేసి. మాటలతో అది ఎక్కదు. పోసుకోనివ్వండి.

ఆ చిన్నవాళ్లకు పని: ఏ గిన్నెలో ఎక్కువ పడతాయో ఊహించడం, పోసి చూడడం. ఏడెనిమిదేళ్లవాళ్లు ఒక్కో గిన్నెకు ఎన్ని కప్పులు పట్టాయో పట్టికలో రాసి, గిన్నెలను వరుసలో పెట్టాలి. మూడో తరగతివాళ్లకు చిన్న కప్పు ఒకరికి, పెద్ద కప్పు ఇంకొకరికి ఇచ్చి ఒకే గిన్నె కొలవమనండి. లెక్కలు కలవవు, గొడవ పడతారు. పడనివ్వండి! అందరికీ ఒకే కప్పు ఉండాలని వాళ్లే అంటారు. లీటరు అనే మాట అప్పుడు చెప్పండి, అంతకుముందు వద్దు.

జవాబు 2:
సార్ చెప్పింది బాగుంది. నేను ప్రీస్కూల్ పిల్లలకు చెబుతాను కాబట్టి ఒక్క మాట. టీచర్ అదే ప్రశ్న రెండోసారి అడిగితే, ముందు చెప్పింది తప్పేమోనని పిల్లలు జవాబు మార్చేస్తారు. 1970లలో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల ముందు బిళ్లలను రెండు సమాన వరుసల్లో పేర్చారు. పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరుస చెదరగొట్టినప్పుడు, సమానమేనని చెప్పిన పిల్లలు బాగా పెరిగారు. కాబట్టి ఒక్కసారి చూసి ఫలానా పాప వెనకబడిందని రాసిపెట్టుకోవద్దు. బొమ్మతో కూడా ఆడించి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి నేను ఎవరి దగ్గర కూర్చోవాలి?

జవాబు 1:
చిన్నవాళ్ల దగ్గరే మేడమ్. వాళ్లు చేసేటప్పుడే మాట కలపాలి. పెద్దవాళ్లకు పట్టిక గీసి ఇస్తే కాసేపు మీతో పనిపడదు. ఆఖరి పది నిమిషాలు అందరినీ కలిపి, మూడో తరగతివాళ్లచేత వాళ్ల గొడవ ఏమిటో చెప్పించండి. నేల తుడవడానికి గుడ్డలు మర్చిపోకండి.