లేఅవుట్ మోడల్‌కి డ్రోన్ ఒక్కటీ చాలదా? గట్లూ గెడ్డలూ (వాగులూ) నడిచి కొలవాలా?

బొబ్బిలి సర్వేయర్:
గజపతినగరం వైపు మూడెకరాల ఇళ్ల లేఅవుట్. చదును పనికి జీపీఎస్ పెట్టిన గ్రేడర్ (బ్లేడుతో నేల చదును చేసే బండి) వస్తోంది, నేల ఎత్తుపల్లాల కంప్యూటర్ మోడల్ నన్ను చెయ్యమన్నారు. డ్రోన్ ఎగరేసి ఇచ్చెయ్, రోవర్ (పాయింట్లు కొలిచే జీపీఎస్ కర్ర) పట్టుకుని నడవడం దండగ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

విజయనగరం సివిల్:
దండగే. బ్లేడు పాత నేల మోడల్ చూడదండీ, పని అయ్యాక నేల ఎలా ఉండాలో చెప్పే డిజైన్ మోడల్ చూసే లేస్తుంది, దిగుతుంది. పాత నేల పది సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా రోడ్డు సరిగ్గానే వస్తుంది. తేడా వచ్చేది మట్టి లెక్కలోనే.

చీపురుపల్లి లెవెల్స్:
మట్టి లెక్కే అని తేలిగ్గా అనేశారు. ఎకరం మీద పది సెంటీమీటర్లంటే 400 క్యూబిక్ మీటర్లు దాటుతుంది. అదలా ఉంచండి. బ్లేడు డిజైన్‌నే చూస్తుంది, నిజమే. ఆ డిజైన్ లెవెల్ ఎక్కణ్ణించి వచ్చింది? పాత నేల నుంచే కదా!

నేను చేసిన పనే చెప్తాను. సైటు చివర గెడ్డ, నిండా తుంగ. డ్రోన్ ఫొటోలకి తుంగ తలలే కనబడ్డాయి, గెడ్డ అడుగు అసలుకంటే 60 సెంటీమీటర్లు ఎత్తుగా వచ్చింది. గెడ్డలోకి పోయే కాలువకి వాలు చాలదని డిజైన్‌లో లేఅవుట్ మొత్తాన్ని 30 సెంటీమీటర్లు లేపారు. మూడెకరాలకి 3,600 క్యూబిక్ మీటర్ల గ్రావెల్! నింపడం అయిపోయాక, మోకాల్లోతు బురదలో దిగి స్టాఫ్ (లెవెల్ చూసే కొలతల కర్ర) పెట్టి చూస్తే తెలిసింది. ఆ డబ్బంతా అప్పు చేసి ప్లాటు కొన్నవాళ్ల మీదే పడింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

నేల మోడల్ అంటే త్రిభుజాల వల. గెడ్డ పైఅంచు, కిందిఅంచు వెంబడి బ్రేక్‌లైన్ (వాలు మారే చోట గీసే గీత) వెయ్యకపోతే త్రిభుజం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి అంటుకుని గెడ్డని పూడ్చేస్తుంది. తుప్పలు తీసేసే ఫిల్టరేమో సన్నటి గట్లని కూడా నున్నగా చెరిపేస్తుంది.

పాలకొండ గ్రేడర్:
మోడల్ తప్పయితే మేము తప్పు లెవెల్లోనే చక్కగా చదును చేస్తాం బాబూ. ఇంకోటి కూడా అడగండి: ఫైల్లో ఉన్నది రోడ్డు పూర్తయ్యాక ఉండే లెవెలా, సబ్‌గ్రేడా (కంకర కింద ఉండే మట్టి లెవెలా)? ఓసారి పూర్తి లెవెలే ఎక్కించేశారు. కంకరకి చోటు లేక మళ్లీ తవ్వాం.

టెక్కలి రోవర్:
నడవాల్సిందే. ముందు పాత బెంచ్‌మార్కుల (ఎత్తు ముందే తెలిసిన గుర్తుల) మీద రోవర్ నిలబెట్టి సరిచూడాలి. శ్రీకాకుళం టౌను యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసే పటాల పద్ధతి) జోన్ 44, 84 డిగ్రీల రేఖాంశం దాటిన మా టెక్కలి, పలాస జోన్ 45. జోన్ తప్పితే వెంటనే తెలిసిపోతుంది. జీపీఎస్ ఎత్తుకీ సముద్రమట్టం ఎత్తుకీ మన దగ్గర పదుల మీటర్ల తేడా, అదీ దాగదు. పది సెంటీమీటర్ల తప్పే కంటికి ఆనదు.

విజయనగరం సివిల్:
గెడ్డ సంగతి ఒప్పుకున్నాను. చదునుగా ఉన్న మడులన్నీ నడవమంటే మాత్రం ఒప్పుకోను.

చీపురుపల్లి లెవెల్స్:
మడుల నడుమ డ్రోన్ చాలు, నేనూ కాదనను. గట్ల అంచులు, గెడ్డ అడుగు, తూముల నోళ్లు, పక్క రోడ్డు అంచు మాత్రం కాళ్లతోనే. ఇంకో ఇరవై పాయింట్లు తీసి మోడల్లో కలపకుండా ఉంచుకోండి, ఆఖర్న మోడల్‌ని వాటితో సరిచూడండి.

బొబ్బిలి సర్వేయర్:
తుంగ కోయడానికి ఇద్దరికి చెప్పాను. రేపు పొద్దున్నే గెడ్డ దగ్గరే మొదలెడతాను.