కార్గిల్ విజయ్ దివస్‌ను ఊరిలో ఏ విధంగా జరపడం సముచితం?

ప్రశ్న: నాగావళి ఒడ్డు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి ఉన్నత పాఠశాలలో చదువుకొని సైన్యంలో చేరిన ఒకరు 1999లో కార్గిల్ యుద్ధంలో వీరమరణం పొందారు. ఆయన జ్ఞాపకంగా బస్సు ఆగే కూడలిలో ఒక చిన్న స్తూపం ఉంది. ఇన్నేళ్లుగా ప్రతి జూలై 26న ఆయన తల్లిగారు, ఊళ్లోని ఇద్దరు ముగ్గురు మాజీ సైనికులు ఉదయాన్నే వెళ్లి దండ వేసి, కాసేపు నిలబడి వస్తున్నారు తప్ప ఊరు ఊరుగా కదిలింది లేదు. ఈ సంవత్సరం ఆ బాధ్యత తీసుకోవాలని మా పూర్వ విద్యార్థుల సంఘం తీర్మానించింది. తీర్మానం వరకు అందరిదీ ఒకే మాట. ఎలా జరపాలన్న దగ్గరకు వచ్చేసరికి రెండు పక్షాలయ్యాం.

అది విజయ దినం కనుక మోటారు సైకిళ్ల ఊరేగింపు, డీజే, బాణసంచా ఉండాలని యువకులు కోరుతున్నారు. వారి ఉత్సాహంలో కల్మషం లేదు; ఆయన పేరు ఊరంతా మారుమోగాలన్నదే వారి కోరిక. ఒక తల్లి బిడ్డను పోగొట్టుకున్న సందర్భంలో బాణసంచా ఏమిటని పెద్దలు బాధపడుతున్నారు. సంఘం వాట్సాప్ బృందంలో నిరుడు ఒకరు "కార్గిల్ విజయ్ దివస్ శుభాకాంక్షలు" అని పెట్టినప్పుడు నాకు కూడా మనసు చివుక్కుమంది కాని, అది తప్పని చెప్పడానికి నా దగ్గర కారణం సిద్ధంగా లేకపోయింది. ఇది పండుగా, సంస్మరణా? జాతీయ పతాకాన్ని అవనతం చేయవచ్చా? తల్లిగారిని వేదిక మీద సన్మానించడం మర్యాదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

జవాబు: మాజీ సుబేదారు, విజయనగరం

పదాతి దళంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసినవాణ్ని. మీ యువకులను కోప్పడవద్దు. కార్గిల్ శిఖరాలను తిరిగి స్వాధీనం చేసుకోవడానికి మన సైన్యం చేపట్టిన ఆపరేషన్ విజయ్ సఫలమైన రోజుగా 1999 జూలై 26ను దేశం గుర్తు పెట్టుకుంది. ఆ రోజు పేరులోనే విజయం ఉంది. అయితే ఆ విజయం కోసం 527 మంది ప్రాణాలిచ్చారు, 1,300 మందికి పైగా గాయపడ్డారు. చెట్టూ చాటూ లేని ఏటవాలు కొండలు, ఊపిరి అందని ఎత్తు, శిఖరం మీద బంకర్లలో శత్రువు. అటువంటి చోట్ల మనవారు ఎక్కువగా రాత్రిపూట పైకి ఎక్కుతూ పోరాడారు. అందువల్ల సైన్యం గెలుపును, మరణాన్ని విడదీసి చూడదు. కాకపోతే వాటికొక వరుస ఉంది: ముందు నివాళి, ఆ తరువాతే తక్కినవన్నీ. కార్గిల్ ప్రాంతంలోని ద్రాస్‌లో తొలోలింగ్ కొండ పాదాన ఉన్న స్మారకం దగ్గర జూలై 25 సాయంత్రం దీపాలు వెలిగిస్తారు, 26 ఉదయం పుష్పచక్రాలు ఉంచుతారు.

మా పద్ధతిలో పుష్పచక్రం ఉంచిన తరువాత గార్డు "శోక్ శస్త్ర్" చేస్తుంది, అంటే తుపాకీ గొట్టాన్ని నేలవైపు తిప్పి, తల వంచి నిలబడుతుంది. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ వినిపిస్తారు. శిబిరంలో ఆ రోజుకు పని ముగిసిందని తెలిపే పిలుపు అది. తరువాత రెండు నిమిషాల మౌనం, ఆపైన రౌజ్ అనే మేలుకొలుపు. ఈ వరుసను మీరు ఊరిలో కూడా పాటించవచ్చు. తుపాకులు అక్కర్లేదు. దగ్గరి కళాశాలలో ఎన్‌సీసీ విద్యార్థులు ఉంటే వారిని అడగండి. బ్యూగిల్ ఊదేవారు దొరకకపోతే రికార్డును మంచి స్పీకరులో వినిపించండి, అదీ కుదరకపోతే మౌనం ఒక్కటే చాలు. రెండు నిమిషాలంటే గడియారం చూసి రెండు నిమిషాలే ఉండాలి. చాలా సభల్లో అరనిమిషం గడవకముందే మైకులో "ధన్యవాదాలు" అని వినిపిస్తుంది, అది నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. పుష్పచక్రం ఉంచినప్పుడు చప్పట్లు వద్దని ముందే చెప్పండి. నిర్ణయించిన సమయానికి మొదలుపెట్టండి, ఎవరి రాక కోసమూ ఆపకండి.

పతాకం గురించి అడిగారు. జాతీయ పతాకాన్ని మనంతట మనం అవనతం చేయకూడదు; అది ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు జరిగేది. స్తూపానికి కొత్తగా రంగులు వేసి ఆవిష్కరించే ఆలోచన ఉంటే దాని మీద జాతీయ పతాకాన్ని ముసుగుగా కప్పకండి, మామూలు బట్ట కప్పండి. మనిషి మీద ఆ జెండా కప్పేది ప్రభుత్వ లాంఛనాలతోనో, సైనిక లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియలప్పుడే. అప్పుడు కూడా దానిని చితిలో గాని, సమాధిలో గాని ఉంచరు. పిల్లలకు ప్లాస్టిక్ జెండాలు పంచవద్దు. కాగితం జెండాలు పంచితే, కార్యక్రమం ముగిశాక ఒక్కటి కూడా నేల మీద మిగలకుండా ఏరించండి.

"శుభాకాంక్షలు" అనే మాట మాత్రం వద్దు. "నివాళి" అనండి, "స్మరించుకుంటున్నాం" అనండి.

జవాబు: ఒక చెల్లెలు

ఈ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మా అన్నయ్య కార్గిల్ తరువాత కొన్నేళ్లకు కాశ్మీరులో జరిగిన ఎదురుకాల్పుల్లో మరణించాడు. ఆయన పేరిట జరిగిన సభలకు మా అమ్మను వెంటబెట్టుకొని ఎన్నోసార్లు వెళ్లాను. పిలిచినవారందరూ మంచి మనసుతోనే పిలిచారు. అయినా కొన్ని సభల నుండి అమ్మ ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏది నొప్పిస్తుందో చెబితే మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మీ ఊరి తల్లిగారికి జూలై 26 ఒక్కటే కాదు, ఇంకొక రోజు కూడా ఉంటుంది. మా ఇంట్లో అన్నయ్య ఆబ్దికం తిథి ప్రకారం జరుగుతుంది. అది ఏ ప్రభుత్వ దినంతోనూ కలవదు. ఆ రోజు అమ్మ ఎవరితోనూ మాట్లాడదు. సభ పెట్టేవారు ముందుగా ఆ రోజు ఎప్పుడో అడిగి తెలుసుకొని, దానికి ముందూ వెనుకా ఆమెను ఏర్పాట్ల కోసం కదిలించకుండా ఉంటే అదే పెద్ద గౌరవం. అలాగే దీపం వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం వంటివి ఆ కుటుంబం ఆచారానికి సరిపడతాయో లేదో అడగండి. అన్నయ్య పటాలంలో అన్ని మతాలవారూ ఉండేవారు, అందరికీ ఒకే పద్ధతి నప్పదు.

ఒక సభలో మా అమ్మ చేతికి హఠాత్తుగా మైకు ఇచ్చి "రెండు మాటలు చెప్పండమ్మా" అన్నారు. ఆమె ఏడ్చింది. ఆ ఏడుపును పదిమంది ఫోన్లలో తీశారు. మరొక చోట అమ్మకు శాలువా కప్పి, ఫోటో దిగేవరకు నిలబెట్టి, ఆ తరువాత గంటన్నర ప్రసంగాలు చేశారు; అన్నయ్య పేరు పలికింది రెండే రెండుసార్లు, అందులో ఒకసారి తప్పుగా. వేదిక వెనుక ఫ్లెక్సీలో నాయకుల ముఖాలు పెద్దవి, ఆయనది మూలన చిన్నది. ఇంటికి వెళ్లేటప్పుడు ఒకాయన "ప్రభుత్వం ఎంత ఇచ్చిందమ్మా?" అని అడిగాడు. ఆ మాట నాకు ఈనాటికీ చెవిలో వినిపిస్తూ ఉంటుంది.

కాబట్టి ముందు ఇంటికి వెళ్లండి. ఇద్దరికి మించి వెళ్లకండి, కెమెరా తీసుకువెళ్లకండి. ఏమి చేయాలనుకుంటున్నారో చెప్పి, ఆమెకు ఏది ఇష్టమో, ఏది కష్టమో అడగండి. రాలేనంటే బలవంతం చేయవద్దు. వస్తానంటే నీడపట్టున ముందు వరుసలో కుర్చీ వేయండి, పక్కన తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. మొదటి పుష్పచక్రం ఆమె చేతనే పెట్టించండి. ఆ సైనికుడికి భార్య ఉంటే ఆవిడను కూడా విడిగా కలవండి. మా వదిన మళ్లీ పెళ్లి చేసుకుందన్న కారణంతో ఒక ఊరివారు ఆమెను పిలవలేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో భర్తను పోగొట్టుకున్న మనిషికి ఆ రోజు మీద హక్కు లేదని తీర్పు చెప్పడానికి మనమెవరం?

ఏడాదిలో మిగిలిన రోజుల్లో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. పెన్షను ఆగకుండా ఉండాలంటే స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షను వ్యవస్థలో ఏటా గుర్తింపు నమోదు చేయించాలి. వయసు మళ్లినవారికి వేలిముద్రలు సరిగా పడవు, కార్యాలయాల చుట్టూ తిరగలేరు. మీ సంఘంలో ఒక కుర్రవాడు ఆ పని తన బాధ్యతగా తీసుకొని, అవసరమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడుగా వెళితే, అది ఆమెకు ఏ శాలువా కంటే వెచ్చగా ఉంటుంది.

జవాబు: సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు

పై ఇద్దరూ చెప్పినదానికి నేను చేర్చదలచినది ఒకటుంది. మీ ఊరి నుండి వెళ్లి తిరిగి రానివారు ఆయన ఒక్కరేనా అన్నది ముందుగా విచారించండి. కార్గిల్ సమయంలో భౌతికకాయాలను స్వగ్రామాలకు చేర్చారు. శవపేటిక ఊరిలోకి రావడం, సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరగడం వేల మంది కళ్లారా చూశారు. అందుకే ఆ యుద్ధంలో మరణించినవారికి చాలా ఊళ్లలో స్తూపాలు వెలిశాయి. అంతకుముందు 1962, 1965, 1971 యుద్ధాలలో ఎక్కువమందికి సరిహద్దు ప్రాంతాలలోనే అంత్యక్రియలు జరిగాయి. ఇంటికి ఒక టెలిగ్రాం, కొన్నాళ్లకు ఆయన పెట్టె వచ్చేవి. మా అమ్మమ్మగారి ఊరిలో అటువంటి ఇల్లు ఒకటి ఉండేది. ఆ పెట్టెను నలభై ఏళ్లు అటక మీద దాచారు. ఆయనకు సమాధి లేదు, స్తూపం లేదు, ఇప్పుడు పేరు చెప్పగలవారు కూడా ముగ్గురు నలుగురే మిగిలారు. 1987 నుండి 1990 వరకు శ్రీలంకలో శాంతి పరిరక్షణ దళంలో, అలాగే సియాచిన్ మంచు కొండల్లో మరణించినవారి సంగతి కూడా చాలాచోట్ల ఇంతే.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్రం అనే వలయం గోడల మీద, స్వాతంత్ర్యం తరువాత విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన పాతిక వేల మందికి పైగా సైనికుల పేర్లు గ్రానైటు ఫలకాల మీద చెక్కి ఉన్నాయి. మహావీరచక్ర పొందిన హైదరాబాదు మేజర్ పద్మపాణి ఆచార్యకూ, ఏ పతకమూ రాని సిపాయికీ అక్కడ ఫలకం ఒకే కొలత. అక్కడ ఉన్న వరుసలో మీ ఊరివారి పేర్లు వెదికించండి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ పని అప్పగించండి. ఇంటింటికీ వెళ్లి అడుగుతారు, ముసలివారి మాటలు రాసుకుంటారు, పటంలో ద్రాస్ ఎక్కడుందో, అక్కడ చలి ఎంతో తెలుసుకుంటారు. జూలై 26 ఉదయం ఆ పిల్లలే స్తూపం దగ్గర ఒక్కొక్క పేరునూ హోదాతో, పటాలంతో, మరణించిన సంవత్సరంతో చదివితే, వక్తల అవసరం చాలా వరకు తీరిపోతుంది. పేర్ల అక్షరాలను మాత్రం సైనిక పత్రాలతోను, కుటుంబ సభ్యులతోను సరిచూసుకోవాలి.

జవాబు: డాలస్ నుండి

ఇక్కడ అమెరికాలో ఇదే తడబాటును నేను స్వయంగా ఎదుర్కొన్నాను. మే నెల చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే విధి నిర్వహణలో మరణించిన సైనికులది. నవంబరు 11న వచ్చే వెటరన్స్ డే సైన్యంలో పనిచేసిన వారందరిదీ. కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ తేడా తెలియక, కొడుకును ఇరాక్‌లో పోగొట్టుకున్న పొరుగింటి ఆవిడకు మెమోరియల్ డే శుభాకాంక్షలు చెప్పాను. ఆమె నొచ్చుకున్నట్టు కనబడనీయలేదు, "మావాడు ఇక్కడే బంతి ఆడేవాడు" అని మాత్రం అంది. ఆ రోజు ఇక్కడ పతాకాన్ని మధ్యాహ్నం వరకు అవనతం చేసి, ఆ తరువాత పూర్తిగా పైకి ఎగురవేస్తారు. పతాకం విషయంలో మన దేశపు నిబంధన వేరని సుబేదారు గారు చెప్పారు గనుక దానిని అనుకరించమని నా ఉద్దేశం కాదు. ఒకే పగటిలో దుఃఖానికీ, తల ఎత్తుకోవడానికీ వేర్వేరు వేళలు కేటాయించవచ్చు అన్నది మాత్రం మీ యువకులకు నచ్చవచ్చు.

ప్రశ్న అడిగినవారి జవాబు: నాగావళి ఒడ్డు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ జవాబులను ముద్రించి నిన్న సంఘం సమావేశంలో చదివాను. చెల్లెలు గారు రాసినది చదువుతున్నప్పుడు డీజే అడిగిన కుర్రవాడే మొదట తల దించుకున్నాడు. ఊరేగింపును ఆగస్టు 15కు మార్చుకున్నాం. జూలై 26 ఉదయం ఏడు గంటలకు స్తూపం దగ్గర మౌనం, పేర్ల పఠనం, పుష్పచక్రాలు, అంతటితో ముగింపు. సాయంత్రం పాఠశాలలో మాజీ సైనికులు పిల్లలతో మాట్లాడతారు. వెదకడం మొదలుపెట్టిన మొదటి రోజే 1971లో మరణించిన మరొకరి పేరు బయటపడింది. ఆయన తమ్ముడు పక్క ఊరిలోనే ఉన్నారు.

ఈ ఉదయం నేనూ, మా పాత మాస్టారూ తల్లిగారి ఇంటికి వెళ్లాం. వస్తానన్నారు, మాట్లాడనన్నారు, శాలువా వద్దన్నారు. ఇంకేమైనా కావాలా అమ్మా అని అడిగితే చాలాసేపు ఊరుకొని, స్తూపం మీద తమ ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడిందని, ఇరవై ఏళ్లకు పైగా దండ వేసిన ప్రతిసారీ పూలను ఆ అక్షరం మీదికి జరుపుతున్నానని చెప్పారు. శిల్పిని రేపు పిలిపిస్తున్నాం. చెక్కిన అక్షరాన్ని రాయి దెబ్బతినకుండా సరిచేసే పద్ధతి ఉందా, పలకనే మార్చవలసి ఉంటుందా అన్నది ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.