సెడాన్‌లోనే ఆల్-వీల్-డ్రైవ్ కావాలి: లెగసీ, కామ్రీ, ఏ4, 330ఐలలో ఏది?

కొండదారి:

అందరికీ నమస్కారం. నేను రోజూ తిరిగేది కొండ రోడ్డు. చలికాలంలో తెల్లవారేసరికి మంచు పేరుకుంటుంది, మిగతా రోజుల్లో చాలావరకు తడి. ఎవరిని అడిగినా ఎస్‌యూవీ కొనుక్కో అంటున్నారు. నాకు ఆ ఎత్తు పడదు. మలుపులో బండి ఒరిగితే వెనక కూర్చున్న మా అమ్మకి కడుపులో తిప్పుతుంది. అందుకే నాలుగు చక్రాలకీ బలం వెళ్లే (ఆల్-వీల్-డ్రైవ్) సెడానే చూస్తున్నాను.

నాలుగు అనుకున్నాను: వాడిన సుబారు లెగసీ 2.4 టర్బో, కొత్త టొయోటా కామ్రీ హైబ్రిడ్ ఆల్-వీల్-డ్రైవ్, వాడిన ఆడి ఏ4 45 క్వాట్రో, వాడిన బీఎండబ్ల్యూ 330ఐ ఎక్స్‌డ్రైవ్. జర్మన్ బండ్లు కొత్తవి నా వల్ల కాదు గానీ, కొన్నేళ్లు తిరిగినవైతే కొత్త కామ్రీ ధరకి దగ్గరగా వస్తున్నాయి. హెచ్‌పీ (హార్స్‌పవర్) చూస్తే లెగసీ 260, ఆడి 261, బీఎండబ్ల్యూ 255, కామ్రీ 232. అన్నీ ఇంత దగ్గర దగ్గరగా ఉంటే దేన్ని బట్టి తేల్చుకోవాలి?

రెండోగేరు:

కొండదారి గారూ, హెచ్‌పీ పక్కన పెట్టండి. మీ రోడ్డుకి అడగాల్సిన ప్రశ్న ఒకటే: చక్రం జారకముందు వెనక ఇరుసుకి ఎంత బలం వెళ్తోంది? జారాక అన్ని బండ్లూ ఏదో ఒకటి చేస్తాయి. జారకముందు ఏం చేస్తాయన్న దగ్గరే తేడా అంతా ఉంది.

ముందు ఆడి సంగతి, ఎక్కువమంది తికమక పడేది అక్కడే. క్వాట్రో అన్న ఒకే బ్యాడ్జి కింద వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. ఎస్4లో మధ్యలో తనంతట తానే లాక్ అయ్యే డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసులకి బలం పంచే గేర్ల అమరిక) ఉంటుంది, మామూలుగా ముందుకి 40, వెనక్కి 60 పంచుతుంది. ఏ3, ఎస్3 సెడాన్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, వెనక ఇరుసు దగ్గరున్న క్లచ్ ప్యాక్ (ఒకదాన్నొకటి నొక్కుకునే ప్లేట్ల కట్ట) అవసరాన్ని బట్టి వెనక చక్రాలను కలుపుతుంది. మీరు చూస్తున్న ఏ4 45లో ఉన్నది 2016లో వచ్చిన క్వాట్రో అల్ట్రా. పెట్రోలు ఆదా కోసం మామూలుగా వెళ్తున్నప్పుడు వెనక ఇరుసుని పూర్తిగా విడదీసేస్తుంది. స్టీరింగ్, యాక్సిలరేటర్, చక్రాల వేగం చూసుకుని అవసరం వస్తుందనిపిస్తే ముందే కలుపుతుంది. బాగానే పనిచేస్తుంది, మంచులో నడిపి చూశాను. కానీ 1980లో వచ్చి ర్యాలీ ప్రపంచాన్ని మార్చిన ఆ క్వాట్రోనే కొంటున్నానని ఎవరైనా అనుకుంటే అది వేరు, ఇది వేరు.

330ఐలో గేర్‌బాక్స్ వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (ముందు, వెనక ఇరుసులకి బలం పంచే పెట్టెలో) క్లచ్ ఉంటుంది. వెనక చక్రాలు ఎప్పుడూ ఇంజిన్‌తో కలిసే ఉంటాయి, క్లచ్ పని ముందు చక్రాలకి పంచడం. మామూలు పంపకం 40:60. అందుకే మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే వెనక నుంచి నెట్టినట్టు వెళ్తుంది, స్టీరింగ్ తేలిగ్గా ఉంటుంది. ఈ నాలుగింటిలో నడపడానికి నా మనసుకి నచ్చేది ఇదే, దాచడమెందుకు.

లెగసీలో బాక్సర్ ఇంజిన్, సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి బరువంతా కిందే ఉంటుంది. మీరు ఒరగడం గురించి చెప్పారు కదా, అందుకు ఇది కొంత పనికొస్తుంది. టర్బోకి 375 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) 2,000 ఆర్‌పీఎంకే అందుతుంది, 4,800 దాకా అలాగే నిలబడుతుంది. ఎక్కుడు రోడ్డు మీద ఈ లెక్క హెచ్‌పీ కంటే ముఖ్యం. గేర్‌బాక్స్ మాత్రం సీవీటీ, అంటే మెట్లు మెట్లుగా గేర్లు లేనిది. పొడవాటి ఎక్కుడులో ఇంజిన్ ఒకే శబ్దం మీద మూలుగుతూ ఉంటుంది, కొందరికి అది నచ్చదు. ఇంకో మాట, లెగసీ టర్బోకి మామూలు పెట్రోల్ సరిపోతుంది. ఏ4కి, 330ఐకి ఎక్కువ ఆక్టేన్‌ది పొయ్యాలి. ఏడాది తిరిగేసరికి ఆ తేడా బాగా కనిపిస్తుంది.

నా దగ్గరున్నది సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ మాన్యువల్. అందులో మధ్యలో విస్కస్ (చిక్కటి ద్రవంతో పనిచేసే) డిఫరెన్షియల్, ముందుకీ వెనక్కీ సగం సగం. తడి హెయిర్‌పిన్ మలుపులో రెండో గేరులో సగం మలుపు తిరిగాక యాక్సిలరేటర్ తొక్కితే ముందు భాగం కాస్త బయటికి పోబోతుంది, అదే క్షణంలో వెనక టైర్లు పట్టుకుని బండిని లోపలికి తోస్తాయి. సీటు కిందే తెలుస్తుంది ఆ తోపు. ఎవరి బండి చూసినా నేను వెతికేది అదే.

నిశ్శబ్దమోటారు:

రెండోగేరు అన్న చెప్పినదంతా సరైనదే గానీ కామ్రీని అసలు పట్టించుకోలేదు! నా దగ్గర ఆ హైబ్రిడ్ ఆల్-వీల్-డ్రైవే ఉంది. వెనక ఇరుసుకి వేరే ఎలక్ట్రిక్ మోటారు, ముందు నుంచి వెనక్కి బలం మోసే కడ్డీ, అదే ప్రొపెల్లర్ షాఫ్టే లేదు. అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ లేదు, దాని నూనె లేదు, దాని క్లచ్ అరుగుతుందన్న భయం లేదు. మంచులో ఆగి ఉన్నచోటి నుంచి కదిలేటప్పుడు వెనక మోటారు వెంటనే తోస్తుంది, క్లచ్ కలవడం కోసం ఎదురుచూపు ఉండదు.

పెట్రోలు ఖర్చులో ఆ మూడూ దీని దరిదాపుల్లోకి రావు. అమ్మగారిని దృష్టిలో పెట్టుకుంటే వెనక సీటు విశాలం, సస్పెన్షన్ మెత్తన. కొత్తది కాబట్టి వారంటీ ఉంటుంది. వాడిన జర్మన్ బండికి అదే డబ్బు పెట్టి, తర్వాత రిపేర్లకి వేరేగా దాచుకోవాలి కదా.

రెండోగేరు:

తమ్ముడూ, కదిలేటప్పటి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ వెనక మోటారు చిన్నది. మంచులో నిటారు ఎక్కుడు పొడుగ్గా సాగితే ముందు చక్రాలదే భారమంతా. నగరానికీ, అప్పుడప్పుడు కురిసే మంచుకీ కామ్రీ చాలు, ఖర్చు తగ్గాలంటే అదే మంచిది. ఈయన రోజూ కొండ ఎక్కే మనిషి, అందుకే కామ్రీ కొనమనడానికి వెనకాడుతున్నాను.

పానా22:

నేను వర్క్‌షాపులో పనిచేస్తాను. వాడిన ఆల్-వీల్-డ్రైవ్ బండి చూడటానికి వెళ్తే బానెట్ ఎత్తే ముందు నాలుగు టైర్లు చూడండి. కంపెనీ, సైజు, అరుగుదల నాలుగింటికీ ఒకేలా ఉండాలి. సుబారు వాళ్లు చుట్టుకొలతలో పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు మించి తేడా ఉండకూడదంటారు. ఒక్క టైరు పంక్చరై దాని బదులు కొత్తది ఒక్కటే వేస్తే ఆ చక్రం మిగతావాటికంటే నెమ్మదిగా తిరుగుతుంది. మధ్యలో ఉన్న క్లచ్‌కి బండి ఎప్పుడూ జారుతున్నట్టే ఉంటుంది, వేడెక్కి మాడిపోతుంది. అలా మూడు పాత టైర్లు, ఒక కొత్త టైరుతో వచ్చిన బండికి ట్రాన్స్‌ఫర్ క్లచ్ విప్పాను. నూనె నల్లగా, మాడు వాసనతో కారింది, ప్లేట్లు నీలంగా మారిపోయి ఉన్నాయి. మరమ్మతు ఖర్చు నాలుగు టైర్ల ధరకంటే చాలా ఎక్కువ.

ఇంకోటి. పొడి నేల మీద ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, యాక్సిలరేటర్ తొక్కకుండా నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. బండి సాఫీగా తిరగాలి. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు కుదుపులు వస్తే క్లచ్ విడవడం లేదని అర్థం. ఆ బండి వదిలెయ్యండి. ట్రాన్స్‌ఫర్ కేస్ నూనె, వెనక డిఫరెన్షియల్ నూనె ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. ఇంజిన్ ఆయిల్ బిల్లులు అందరూ చూపిస్తారు, ఈ రెండూ చూపించేవాళ్లు తక్కువ.

కొండదారి:

అందరికీ చాలా థాంక్స్. టైర్ల సంగతి నాకసలు తట్టలేదు. ఇప్పుడు లెగసీ, 330ఐ మధ్య ఉన్నాను. లెగసీ 2025తో ఆపేశారు కదా, ముందు ముందు పార్టులు దొరుకుతాయా? చలికాలం టైర్లు విడిగా కొనాలా, ఆల్-వీల్-డ్రైవ్ ఉంది కదా?

రెండోగేరు:

విడిగా కొనాల్సిందే, ఇందులో బేరం లేదు. ఆల్-వీల్-డ్రైవ్ మిమ్మల్ని కదిలిస్తుంది, ఎక్కిస్తుంది. బ్రేకు వేసినప్పుడు రెండు చక్రాలకి బలం వెళ్లే బండికీ మీకూ తేడా లేదు, నాలుగు టైర్ల రబ్బరే ఆపాలి. చలి 7 డిగ్రీల కిందికి దిగితే వేసవి టైరు రబ్బరు గట్టిపడిపోతుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉండాలి. కొండ దిగే దారిలో నాకు ఇంజిన్ కంటే ఆ గుర్తు మీదే నమ్మకం. బడ్జెట్‌లో దీనికి ఇప్పుడే డబ్బు పక్కన పెట్టండి, అందుకోసం పై వేరియంట్ వదులుకోవాల్సి వచ్చినా సరే.

పార్టుల గురించి బెంగ వద్దు. అదే 2.4 టర్బో, అదే సీవీటీ సుబారు అవుట్‌బ్యాక్‌లోనూ ఉన్నాయి. మీరొక్కరే నడిపేదైతే 330ఐ అనేవాణ్ణి. అమ్మగారు వెనక కూర్చుంటారు, ఆక్టేన్ ఖర్చు కూడా ఉంది, కాబట్టి నా ఓటు లెగసీకే. 2020 మోడల్, ఆ తర్వాతివి మాత్రమే చూడండి, 2.4 టర్బో వచ్చింది అప్పటి నుంచే. అంతకు ముందున్నది 3.6 ఆరు సిలిండర్లది. సాఫీగా ఉంటుంది గానీ పెట్రోలు బాగా తాగుతుంది, మీ రోడ్డుకి కావాల్సిన ఆ టర్బో టార్క్ మాత్రం అందులో దొరకదు. ఏ సంవత్సరం బండి దొరికిందో, టైర్లు ఎలా ఉన్నాయో ఫొటోలు పెట్టండి, పానా22 గారూ నేనూ చూసి చెప్తాం.