విందోలాండా చెక్కలేఖలు: బటేవియన్ సైనికులకు లాటిన్ ఎంతవరకు వచ్చు?

నమస్కారం. రోమన్ పాలనలోని బ్రిటన్ ఉత్తర సరిహద్దున ఉన్న విందోలాండా అనే రోమన్ సైనిక కోటలో 1973 నుంచి బయటపడుతున్న చెక్కరేకుల మీది సిరా లేఖల గురించి చదువుతూ, ఒక సందేహం దగ్గర ఆగిపోయాను. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ ఆ సరిహద్దున కట్టించిన గోడ నిర్మాణం క్రీ.శ. 122లో మొదలైంది, ఈ లేఖల్లో అధికభాగం అంతకు ముందువే. గాలి చొరబడని తడినేలలో కూరుకుపోవడం వల్లనే అవి కుళ్ళిపోకుండా మిగిలాయి.

అక్కడ కొంతకాలం కాపలా ఉన్న రోమన్ సైన్యపు తొమ్మిదవ బటేవియన్ దళం మూలాలు రైన్ నది దిగువ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడి బటేవియన్ జాతి క్రీ.శ. 69–70లో రోమ్‌పై తిరగబడింది. ఒక్క తరం గడిచేసరికి, దళాధిపతి ఫ్లేవియస్ సెరియాలిస్ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ లాటిన్‌లో సాగుతున్నాయి; జెర్మానిక్ పేరున్న క్రౌటియస్ కూడా, తన పాత సహచరుడు వెల్డెయియస్‌కు, పశువైద్యుడు ఇస్తానన్న కత్తెర సంగతి గుర్తుచేస్తూ లాటిన్‌లోనే ఉత్తరం పంపాడు. అధికారుల లేఖలకన్నా ఈ చిన్న ఉత్తరమే నన్ను ఎక్కువగా కదిలించింది.

సెరియాలిస్ భార్య లెపిడినాకు మరో అధికారి భార్య క్లాడియా సెవెరా పంపిన పుట్టినరోజు పిలుపులో, ముఖ్యభాగాన్ని లేఖకుడు రాయగా చివరి మాటలను సెవెరా స్వయంగా చేర్చింది. అటువంటి చేతిరాత తేడా సామాన్య సైనికుల ఉత్తరాల్లోనూ కనిపిస్తుందా? వారు తమలో తాము మాట్లాడుకున్న భాష జాడలు ఆ లాటిన్‌లో ఎక్కడైనా మిగిలాయా? ఈ విషయాన్ని అధ్యయనం చేసినవారు దయచేసి వివరించగలరు.